శ్రీహరికోట సారథి - ఆచార్య సతీష్ ధావన్

నెల్లూరు సీమకు దక్షిణపు కొసన సూళ్లూరుపేట ఉంది. అక్కడి నుంచి తూర్పుగా సాగే దారి కొంతదూరం పొలాల మధ్య నడిచి, ఆ తరువాత పులికాట్ సరస్సును చీల్చుకొని పోతుంది. దారికి ఇరువైపులా ఉప్పునీరే. శీతకాలంలో ఆ నీటిలో వేలాది రాజహంసలు ఒంటికాలిపై నిలిచి కనిపిస్తాయి. సరస్సు దాటితే శ్రీహరికోట. ఒకవైపు పులికాట్, మరొకవైపు బంగాళాఖాతం, నడుమ సరుగుడు తోటలు, చిట్టడవులు, ఇసుక దిబ్బలు. 1969లో ఈ దీవిని రాకెట్ ప్రయోగాలకు ఎంపిక చేశారు. 2022లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది. అంతకుముందు అర్ధశతాబ్దం పాటు షార్ కథ అంతా నెల్లూరు జిల్లా కథే. నేడు ఆ కేంద్రం సతీష్ ధావన్ పేరుతో ఉంది. ఆయన ఈ తీరంలో పుట్టినవాడు కాడు. తెలుగు ఆయన మాతృభాష కాదు. అయినా నెల్లూరు తీరంలోని ఒక ఇసుక దీవి పేరు ప్రపంచ పటంపై నిలవడానికి కారకులైన వారిలో ఆయన అగ్రగణ్యుడు.

సతీష్ ధావన్ 1920 సెప్టెంబరు 25న కాశ్మీరంలోని శ్రీనగర్‌లో జన్మించారు. విద్యాభ్యాసం లాహోరులో సాగింది. అక్కడి పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఆయన సంపాదించిన పట్టాలను చూస్తే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. మొదట గణితం, భౌతికశాస్త్రాలలో బి.ఏ.; తరువాత ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ.; ఆపైన 1945లో యంత్రశాస్త్రంలో ఇంజనీరింగు పట్టా. ఒక దారి పట్టినవాడు మరొక దారి వైపు కన్నెత్తి చూడకూడదన్న కట్టుబాటు ఆయనకు పట్టలేదు. సాహిత్యం చదివిన మనస్సు యంత్రాల మధ్య ఇమడలేదనీ, లెక్కలు చేసే బుద్ధి కవిత్వానికి దూరమనీ అనుకునే వారికి ఆయన జీవితమే జవాబు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చే నాటికి ఆయన ఉన్నత విద్యకై అమెరికా చేరారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. పూర్తిచేసి, కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో ప్రవేశించారు. కాల్‌టెక్ అనే పొట్టిపేరుతో లోకప్రసిద్ధి పొందిన ఆ సంస్థలో హాన్స్ లీప్‌మన్ అనే ఆచార్యుని వద్ద పరిశోధన సాగించి 1951లో డాక్టరేటు పొందారు.

ఆ పరిశోధన విషయం చెప్పుకోదగినది. గాలిలో దూసుకుపోయే వస్తువు ఉపరితలాన్ని గాలి రాచుకుంటూ పోతుంది. ఆ రాపిడి వల్ల వస్తువును వెనక్కు లాగే బలం ఒకటి పుడుతుంది. అది ఎంత అన్నది విమానం కట్టేవానికి తెలియాలి. అంతవరకు శాస్త్రజ్ఞులు ఆ బలాన్ని ఎక్కువగా ఇతర కొలతల నుంచి లెక్కగట్టి చెప్పేవారు. ధావన్ దానిని నేరుగా తూచదలచారు. పలకలో ఒక చిన్న ముక్కను వేరుచేసి, అది అటూ ఇటూ రవ్వంత కదలగలిగేటట్లు అమర్చి, గాలి దానిపై చూపే లాగుడును కొలిచారు. ముక్క చాలా చిన్నది. దానిపై పనిచేసే బలం మరీ స్వల్పం. ముక్కకూ దాని చుట్టూ ఉన్న పలకకూ మధ్యనున్న సందు కాస్త ఎక్కువైనా, ముక్క అంచు వెంట్రుకవాసి పైకి లేచినా కొలత చెడిపోతుంది. అటువంటి సున్నితమైన త్రాసును ధ్వనివేగాన్ని మించిన గాలి ప్రవాహంలో సైతం పనిచేయించి, నమ్మదగిన అంకెలు రాబట్టడం ఆనాడు గొప్ప విషయం. తరువాతి కాలంలో టన్నుల బరువున్న రాకెట్లకు పెద్దదిక్కుగా నిలిచిన మనిషి శాస్త్రజీవితం ఇలా అతి స్వల్పమైన బలాన్ని తూచడంతో మొదలైంది.

1951లోనే ధావన్ స్వదేశానికి తిరిగివచ్చి బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరారు. అమెరికాలో ఉండిపోవడానికి అవకాశాలు లేక కాదు. వచ్చేనాటికి ఇక్కడ ధ్వనివేగాన్ని మించిన గాలిని పుట్టించి ప్రయోగాలు చేయడానికి సరైన సాధనమే లేదు. ఉన్న వనరులతోనే ఒక చిన్న పవన సొరంగాన్ని ఆయన నిర్మించారు. దాని ప్రయోగ భాగం కొలత ఒక అంగుళం వెడల్పు, మూడు అంగుళాల ఎత్తు మాత్రమే. అరచేయి పట్టనంత సందు అది. అయితే గాలి ప్రవాహపు స్వభావాన్ని తెలుసుకోవడానికి సొరంగం పెద్దదే కానక్కరలేదు. పరిమాణాల మధ్య ఉన్న సంబంధం తెలిస్తే చిన్న నమూనాపై చూసినది పెద్ద విమానానికి అన్వయించవచ్చు. ఆ చిన్న సొరంగం దగ్గర పని నేర్చిన విద్యార్థులు తరువాత దేశంలోని పెద్ద ప్రయోగశాలలకు పెద్దలయ్యారు. ప్రవాహశాస్త్రంలో అంతర్జాతీయ ఖ్యాతి గడించిన రొద్దం నరసింహ ఆయన శిష్యుడే.

1955లో వైమానిక శాఖకు అధిపతి, 1962లో సంస్థకే సంచాలకుడు. అప్పటికి ఆయన వయస్సు దాదాపు నలభై రెండేళ్లు. ఆ పదవిలో 1981 వరకు కొనసాగారు. ఆ సంస్థ చరిత్రలో అంతకాలం ఆ పీఠంపై ఉన్నవారు మరొకరు లేరు. విమానాల మనిషి కదా అని తన శాఖనే పెంచుకోలేదు. పల్లెప్రజలకు పనికివచ్చే పొయ్యిలు, ఇళ్ల నిర్మాణ పద్ధతులు, గోబరు గ్యాసు వంటి వాటిపై పరిశోధించే ఆస్ట్రా అనే విభాగం 1974లో అక్కడ ఏర్పడడానికి ఆయన అండ ఉంది.

ఇంతలో దేశపు అంతరిక్ష కార్యక్రమానికి పెద్ద దెబ్బ తగిలింది. ఆ కార్యక్రమానికి ఊపిరిపోసిన విక్రమ్ సారాభాయ్ 1971 డిసెంబరు 30న అకాలమరణం చెందారు. శ్రీహరికోట నుంచి మొట్టమొదటి చిన్న రాకెట్ ఎగిరింది ఆ ఏడాది అక్టోబరులోనే. అంటే దీవిలో పని మొదలై మూడు నెలలు తిరగకముందే దానిని కలగన్న మనిషి లేకుండా పోయాడు. కొద్ది నెలలపాటు ఎం.జి.కె. మీనన్ బాధ్యత మోశారు. ధావన్ అప్పుడు విరామ సంవత్సరంలో కాల్‌టెక్‌లో ఉన్నారు. ప్రధానమంత్రి ఇందిరాగాంధీ ఆయనను పిలిపించి ఈ బాధ్యత స్వీకరించమన్నారు. ఆయన వెంటనే తలూపలేదు. రెండు షరతులు పెట్టారు. విజ్ఞాన సంస్థ సంచాలక పదవిని వదలనన్నది ఒకటి. అంతరిక్ష కార్యక్రమపు ప్రధాన కార్యాలయం బెంగుళూరులో ఉండాలన్నది రెండవది. ప్రధాని రెండింటికీ అంగీకరించారు. 1972లో అంతరిక్ష సంఘానికి అధ్యక్షునిగా, అంతరిక్ష శాఖకు కార్యదర్శిగా, ఇస్రో అధిపతిగా ధావన్ పని ప్రారంభించారు. పదవి కోసం షరతులకు తలవంచే వారే ఎక్కువగా ఉన్న చోట, పదవికే షరతులు విధించిన మనిషి అరుదు.

ఆయన ఎదుట ఉన్న సమస్యను అర్థం చేసుకోవాలంటే బరువు అనే మాటను కొంచెం నిదానించి చూడాలి. నిత్యవ్యవహారంలో బరువు, ద్రవ్యరాశి రెండూ ఒకటే. అంగడిలో కిలో చక్కెర అడిగేవాడు ఆ తేడాను పట్టించుకోడు. శాస్త్రంలో అవి రెండు వేర్వేరు రాశులు. ఒక వస్తువులో ఉన్న పదార్థపు మొత్తం ద్రవ్యరాశి. దానిని కిలోగ్రాములలో చెప్తారు. ఆ పదార్థాన్ని భూమి తనవైపు లాగే బలం భారం. దానిని న్యూటన్లలో చెప్పాలి. ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతో గుణిస్తే భారం వస్తుంది. సంతలో రెండు పళ్లెల తక్కెడ పోల్చేది ద్రవ్యరాశులను. ఆ తక్కెడను చంద్రుని మీదకు తీసుకుపోయినా కిలో రాయికి కిలో చక్కెర సరితూగుతుంది. కొక్కేనికి వేలాడదీసే స్ప్రింగు త్రాసు కొలిచేది లాగుడును. చంద్రునిపై అది ఆరవ వంతు మాత్రమే చూపుతుంది. చక్కెర తరగలేదు, లాగే బలం తగ్గింది.

రాకెట్ పైకి లేవాలంటే దాని తోపుడు బలం దాని భారాన్ని మించాలి. పదిహేడు టన్నుల రాకెట్‌ను భూమి లాగే బలం సుమారు 1,67,000 న్యూటన్లు. అంతకంటె ఎక్కువ బలంతో తోస్తేనే అది వేదికను విడుస్తుంది. అక్కడితో పని అయిపోదు. ఉపగ్రహం భూమి చుట్టూ తిరగాలంటే సెకనుకు దాదాపు ఎనిమిది కిలోమీటర్ల అడ్డవేగం కావాలి. నెల్లూరు నుంచి ఒంగోలు వరకు ఉన్న దూరాన్ని పావు నిమిషంలో దాటేసే వేగం అది. ఈ వేగం ఎంత ఇంధనంతో వస్తుందన్నది రష్యా దేశపు ఉపాధ్యాయుడు సియోల్కోవ్‌స్కీ 1903లోనే ప్రకటించిన సూత్రం చెప్తుంది. రాకెట్ మొదటి ద్రవ్యరాశి, ఇంధనం కాలిపోయాక మిగిలిన ద్రవ్యరాశికి సుమారు 2.7 రెట్లుంటే, రాకెట్ తన వెనుక నుంచి వెలువడే వాయువుల వేగాన్ని అందుకుంటుంది. దానికి రెట్టింపు వేగం కావాలంటే ఇంధనం రెట్టింపు చేస్తే చాలదు. ఆ నిష్పత్తి ఏడు రెట్లు దాటాలి. మూడింతలకు ఇరవై రెట్లు. వేగం కూడికల లెక్కన పెరుగుతుంటే ద్రవ్యరాశి గుణకారాల లెక్కన పెరిగిపోతుంది. ఇంధనాన్ని మోయడానికే ఇంధనం కావాలి. ఆ ఇంధనాన్ని మోయడానికి మరికొంత. అందుకే రాకెట్‌ను దశలుగా విడగొట్టి, కాలిపోయిన దశను కాలిపోయినట్లే విసర్జిస్తారు. ఖాళీ అయిన గొట్టాన్ని మోసుకుపోవడం దండగ.

ధావన్ అధిపతి అయ్యాక చేపట్టిన ఎస్.ఎల్.వి.-3 అనే వాహనం ఈ లెక్కకు నిలువెత్తు ఉదాహరణ. ఎత్తు 22 మీటర్లు, ద్రవ్యరాశి 17 టన్నులు, నాలుగు దశలు. అది కక్ష్యలోకి చేర్చగలిగేది దాదాపు 40 కిలోలను. ఒక్క కిలోను పైకి పంపడానికి నాలుగు వందల కిలోలకు పైగా నేల నుంచి లేవాలన్నమాట. ఇక్కడ మరొక సూక్ష్మం ఉంది. అడుగు దశలో ఒక కిలో తగ్గిస్తే ఉపగ్రహానికి కలిసివచ్చేది స్వల్పం. అన్నింటికంటె పైనున్న దశలో ఒక కిలో తగ్గిస్తే ఆ కిలో మొత్తం ఉపగ్రహానికే దక్కుతుంది. అందువల్ల పై దశల మోటారు తొడుగులను ఉక్కుతో కాక గాజుపీచు వంటి తేలికైన మిశ్రమ పదార్థాలతో చేయడానికి ఇంజనీర్లు ఎంతో శ్రమించారు. గ్రాము గ్రాముకూ లెక్క చెప్పవలసిన పని అది. పిసినారి సంసారం సంగతి అందరికీ తెలుసు. అంతకంటె పిసినారిది రాకెట్ పైదశ.

శ్రీహరికోటను ఎంచుకోవడం వెనుక కూడా ఇటువంటి లెక్కే ఉంది. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది. భూమధ్యరేఖ వద్ద నేల సెకనుకు 465 మీటర్ల వేగంతో కదులుతుంది. ఉత్తరానికి పోయేకొద్దీ ఆ వేగం తగ్గిపోతుంది. శ్రీహరికోట దాదాపు పదునాలుగు డిగ్రీల ఉత్తర అక్షాంశానికి సమీపాన ఉంది; అక్కడ అది సుమారు 450 మీటర్లు. తూర్పువైపు ఎగిరే రాకెట్‌కు ఆ వేగం ఖర్చులేని కట్నంగా దొరుకుతుంది. తూర్పున సముద్రమే ఉండడం వల్ల రాలిపడే దశలు ఎవరి నెత్తిన పడవు. మనుషులు పలుచగా ఉన్న దీవి, దగ్గరలో రైలుమార్గం, కూతవేటు కాకపోయినా చేరువలోనే మద్రాసు నగరం. ఇన్ని అనుకూలతలు ఒకేచోట కుదరడం అరుదు.

అయితే పలుచగా ఉన్నంత మాత్రాన ఆ దీవి నిర్మానుష్యం కాదు. అక్కడ పల్లెలున్నాయి. అడవినీ సరస్సునూ నమ్ముకొని తరతరాలుగా బతికిన యానాదులు ఉన్నారు. తేనె, కట్టెలు, చేపలు, వేరుమందులు వారి జీవనాధారం. కేంద్రం కోసం భూమి తీసుకున్నప్పుడు పల్లెలు తరలిపోయాయి. యానాదుల బతుకు తీరే మారిపోయింది. కొందరు కేంద్రంలో కూలిపనులకు కుదురుకున్నారు. శ్రీహరికోట ఘనతను చెప్పేటప్పుడు దాని కోసం తమ నేలను వదులుకున్న వీరిని మరచిపోవడం న్యాయం కాదు.

సారాభాయ్ గొప్ప స్వాప్నికుడు. ధావన్ ఆ స్వప్నానికి చట్రం బిగించినవాడు. విడివిడిగా ఉన్న ప్రయోగశాలలను కేంద్రాలుగా కూర్చారు. తిరువనంతపురంలోని కేంద్రానికి లోహశాస్త్రవేత్త బ్రహ్మప్రకాశ్‌ను సంచాలకునిగా తెచ్చారు. ఎస్.ఎల్.వి.-3 పథకాన్ని అబ్దుల్ కలాం అనే యువ ఇంజనీరు చేతిలో పెట్టారు. ప్రతి నిర్ణయాన్నీ నలుగురి ముందు పెట్టి తర్కించే సమీక్షా సంఘాలను ఏర్పరచారు. వాటిలో చిన్న ఉద్యోగి కూడా పెద్ద అధికారి లెక్కను తప్పుపట్టవచ్చు. పనులన్నీ ప్రభుత్వ శాలలలోనే జరగాలని పట్టుబట్టక దేశంలోని పరిశ్రమలకు పంచారు. ఇవి పైకి కనిపించే పనులు కావు. కట్టడానికి పునాది ఎలాగో ఆ సంస్థకు ఇవి అలాగు.

ఈలోగా 1975 ఏప్రిల్ 19న ఆర్యభట్ట ఆకాశానికెక్కింది. బెంగుళూరులో యు.ఆర్. రావు నేతృత్వాన తయారైన ఆ ఉపగ్రహం ద్రవ్యరాశి 360 కిలోలు. దానిని మోసింది సోవియట్ రాకెట్. ఆ ఏడు ఆగస్టు నుంచి ఒక సంవత్సరం పాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని 2,400 పల్లెలకు దూరదర్శన్ కార్యక్రమాలు చేరాయి. ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా వాటిలో ఉన్నాయి. రైతులు పంటల సంగతులను తెరమీద చూశారు. ఉపగ్రహం మనదైతే వాహనం పరాయిది. కార్యక్రమం మనదైతే ఉపగ్రహం పరాయిది. రెండూ మనవి కావలసిన రోజు ఇంకా రాలేదు.

1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో ఎస్.ఎల్.వి.-3 తొలి ప్రయోగం జరిగింది. ఏడేళ్ల శ్రమ ఆ ఉదయం వేదిక మీద నిలిచింది. మొదటి దశ చక్కగా మండింది. రాకెట్ సరుగుడు తోటల మీదుగా లేచి సముద్రం వైపు వంగింది. రెండవ దశ మొదలయ్యేసరికి అదుపు తప్పింది. బయలుదేరిన 317 సెకనులకు ఉపగ్రహంతో సహా బంగాళాఖాతంలో కూలిపోయింది. తరువాత జరిపిన విచారణలో కారణం తెలిసింది. రెండవ దశను అటూ ఇటూ మళ్లించే చిన్న యంత్రాలకు నత్రికామ్లం కావాలి. ఒక కవాటం సరిగా మూసుకోకపోవడంతో ఆ ఆమ్లం ముందే కారిపోయింది. దిశను దిద్దే బలం లేక పదిహేడు టన్నుల యత్నం వమ్మయింది.

ఆ సాయంకాలం అందరికంటె కుంగిపోయినవాడు పథకపు బాధ్యుడు కలాం. పత్రికలవారు ఎదురుచూస్తున్నారు. ప్రజాధనం సముద్రం పాలయిందన్న విమర్శ రానున్నదని అందరికీ తెలుసు. పేదదేశానికి రాకెట్లెందుకన్న ప్రశ్న ఆ రోజులలో బలంగానే వినిపించేది. అది కొట్టివేయదగిన ప్రశ్న కూడా కాదు. ధావన్ కలాంను పక్కన కూర్చోబెట్టుకొని విలేకరుల సమావేశాన్ని తానే నడిపారు. వైఫల్యానికి బాధ్యత సంస్థ అధిపతిగా తనదేనన్నారు. తన సహచరులపై తనకు పూర్తి నమ్మకమున్నదనీ, మరుసటి ఏడాదిలోగా విజయం సాధిస్తామనీ చెప్పారు. ఎవరి పేరునూ ఎత్తలేదు. ఏ శాఖనూ వేలెత్తి చూపలేదు. అధికారంలో ఉన్నవారు తప్పు కిందివారిమీదకు జారవిడవడం సులువు. బరువు సహజంగా కిందికే జారుతుంది. దానిని పైన నిలిపిపట్టడానికి బలం కావాలి.

పదకొండు నెలలు గడిచాయి. తప్పిన చోటునల్లా వెదకి సరిదిద్దారు. 1980 జూలై 18న రెండవ ఎస్.ఎల్.వి.-3 అదే వేదిక నుంచి లేచింది. నాలుగు దశలూ వరుసగా తమ పని చేశాయి. రోహిణి అనే 35 కిలోల ఉపగ్రహం కక్ష్యలో నిలిచింది. స్వదేశీ వాహనంతో స్వదేశీ ఉపగ్రహాన్ని నిలిపిన కొద్ది దేశాల సరసన భారతదేశం చేరింది. ఆనాడు కూడా పత్రికలవారు వచ్చారు. ధావన్ ముందుకు రాలేదు. సమావేశాన్ని కలాంనే నడపమన్నారు. ఓటమి నాడు ముందు నిలిచి, గెలుపు నాడు వెనుక నిలిచిన ఈ సంగతిని కలాం తరువాత రాష్ట్రపతి అయ్యాక కూడా విద్యార్థి సభలలో పదే పదే చెప్పేవారు.

రోహిణి ద్రవ్యరాశి నేలమీద 35 కిలోలు. కక్ష్యలోనూ 35 కిలోలే. నేలమీద దాని భారం సుమారు 343 న్యూటన్లు. మూడు వందల కిలోమీటర్ల ఎత్తున భూమి ఆకర్షణ నూటికి తొమ్మిది పాళ్లు మాత్రమే తగ్గుతుంది. అక్కడ కూడా భూమి దానిని 310 న్యూటన్లకు పైగా బలంతో లాగుతూనే ఉంటుంది. అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఉపగ్రహం నిరంతరం భూమి వైపు పడుతూనే ఉంటుంది. దాని అడ్డవేగం వల్ల, అది పడినంత మేర భూమి గుండ్రదనం కిందికి వంగిపోతుంది. పడుతున్న వస్తువును పడుతున్న త్రాసులో పెట్టి తూస్తే ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది. భారం కనిపించకపోవడం వేరు, లాగుడు లేకపోవడం వేరు.

ధావన్ హయాంలోనే తరువాతి పెద్ద వాహనమైన పి.ఎస్.ఎల్.వి.కి రూపకల్పన జరిగింది. దూరసంవేదన ఉపగ్రహాలకు, ఇన్సాట్ వ్యవస్థకు పునాదులు పడ్డాయి. 1971లో పద్మభూషణ్, 1981లో పద్మవిభూషణ్ పురస్కారాలు ఆయనను వరించాయి. 1984లో ఇస్రో బాధ్యతలను యు.ఆర్. రావుకు అప్పగించారు.

పదవి దిగినవారు సాధారణంగా జ్ఞాపకాలు వ్రాస్తారు. ధావన్ పక్షులను చూశారు. శ్రీహరికోటకు వెళ్లివచ్చే దారిలోని పులికాట్ పక్షులపై ఆయనకు మక్కువ ఎక్కువ. విమానాలను, రాకెట్లను చదివిన కళ్లతో ఆయన కొంగలను, గూడబాతులను, రాజహంసలను పరిశీలించారు. ఫలితంగా 1991లో పక్షుల ఎగురుడుపై ఆయన గ్రంథం వెలువడింది. అక్కడ కూడా ప్రశ్న బరువుదే. పక్షి కొలతలన్నీ రెట్టింపయితే రెక్కల వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. శరీరపు బరువు ఎనిమిది రెట్లవుతుంది. అంటే రెక్కలో ప్రతి భాగం మోయవలసిన భారం రెండింతలు. గాలి ఇచ్చే ఎత్తుడు బలం వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది కనుక, ఆ పెద్దపక్షి గాలిలో నిలవాలంటే దాదాపు 1.4 రెట్లు వేగంగా ఎగరాలి. అందుకే పిచ్చుక ఉన్నచోటు నుంచి చటుక్కున లేస్తుంది. నాలుగైదు కిలోల గూడబాతు నీటిమీద కాళ్లతో కొడుతూ కొంతదూరం పరుగెత్తి గాని లేవలేదు. నేలపట్టు చెరువు దగ్గరా, పులికాట్ దగ్గరా ఈ దృశ్యాన్ని చూడనివారు ఆ చుట్టుపట్ల ఉండరు. చూసినదానిలోని లెక్కను పట్టుకున్నవారు ఎందరో చెప్పలేము. ఏనుగంత పక్షి ఎందుకు లేదో కూడా ఈ లెక్కే చెప్తుంది.

పి.ఎస్.ఎల్.వి. తొలి ప్రయోగం 1993 సెప్టెంబరు 20న విఫలమైంది. 1994 అక్టోబరు 15న ఫలించింది. ఎస్.ఎల్.వి.-3 చవిచూసిన కష్టసుఖాలే దానికీ ఎదురయ్యాయి. 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరినది కూడా ఈ దీవి నుంచే. దానిని మోసిన వాహనం ద్రవ్యరాశి దాదాపు 640 టన్నులు. అది చంద్రుని దారి పట్టించిన నౌక సుమారు 3,900 కిలోలు. పదిహేడు టన్నులకు ముప్పై అయిదు కిలోలు దక్కిన నాటి లెక్కతో పోల్చుకుంటే ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది.

ఆచార్య సతీష్ ధావన్ 2002 జనవరి 3న బెంగుళూరులో కన్నుమూశారు. అదే సంవత్సరం సెప్టెంబరు 5న శ్రీహరికోట కేంద్రానికి సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రమని పేరు పెట్టారు. సూళ్లూరుపేట జనం మాత్రం నేటికీ దానిని షార్ అనే పిలుస్తారు. ప్రయోగం ఉన్న రోజున ఊరివారు మేడలెక్కి తూర్పువైపు చూస్తూ నిలబడతారు. ముందు మంట కనిపిస్తుంది. మోత కొంతసేపటికి గాని సరస్సు దాటి రాదు.